గట్టంతా చదునే, నేలే ఒకటి కాదు

సంపాదకుల వారికి,

శ్రీకాకుళం జిల్లా కాలువ గట్ల మీద గ్రావెల్ సైకిలు (మట్టి, కంకర దారుల కోసం వెడల్పు టైర్లతో చేసింది) తొక్కడం గురించి మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసం బాగుంది. వంశధార, నాగావళి, చెరువులు, జీడితోటలు అన్నీ కళ్లకు కట్టారు. చదును నేలే కాబట్టి ఏ సైకిలైనా సరిపోతుందన్న మాట దగ్గర మాత్రం పేచీ ఉంది. ఆ మాట నమ్మి సన్నటైర్ల రేసు సైకిలు పట్టుకొచ్చినవాళ్లు వంశధార మీది గొట్టా బ్యారేజీ కనుమరుగు కాకముందే పంచరు షాపు వెతుక్కుంటారు. ఎగుడు లేకపోవడం కాళ్లకు సుఖమే, టైరుకి దానితో పని లేదు. ఇక్కడ పది కిలోమీటర్ల లోపే ఎర్ర గ్రావెలు, పైకి తేలిన కంకర, బంకమట్టి, ఇసుక నాలుగూ తగులుతాయి.

టైరుతో మొదలుపెడదాం. మన ఊళ్లలో పాలక్యాన్లు కట్టుకుని తిరిగే నల్ల సైకిలు టైరు మీద 28 × 1½ అని అచ్చు ఉంటుంది. ఒకటిన్నర అంగుళాలంటే 38 మిల్లీమీటర్లు. లక్షలు పోసి కొనే గ్రావెల్ సైకిలుకి వేసేది 40 నుంచి 45. తాతల నాటి నుంచి మన పాలవాళ్లు తొక్కుతున్నదీ గ్రావెల్ సైకిలే, ఎవరూ పేరు పెట్టలేదంతే. 28 మిల్లీమీటర్ల టైరుతో గట్టెక్కడం మానండి. 35 టైరున్న హైబ్రిడ్, అంటే రోడ్డుకీ మట్టికీ మధ్యరకం సైకిలు అయితే పొడి నేల మీద పర్వాలేదు.

గాలి దగ్గర చేసే తప్పు ఇంకా పెద్దది. డెబ్బై కిలోల మనిషికి, ట్యూబు ఉన్న 40 టైరుకి ముందు 32 నుంచి 35 పీఎస్ఐ, వెనక 36 నుంచి 40 చాలు. షాపులో అడక్కుండా వదిలేస్తే మరీ గట్టిగా కొట్టేస్తారు. అప్పుడు చక్రం ప్రతి రాయి మీదా ఎగురుతుంది, మలుపులో జారుతుంది, గంట తిరక్కుండా అరచేతులు తిమ్మిరెక్కుతాయి. పోనీ అని 28 పీఎస్ఐ కంటే దింపితే రాయి తగిలినప్పుడు రిమ్ము అంచు ట్యూబుని నొక్కి పక్కపక్కనే రెండు చీలికలు చేస్తుంది. అలాంటి జంట చీలికలు కనిపిస్తే ముల్లు కోసం వెతకక్కర్లేదు, గాలి తక్కువైందన్నమాట. ట్యూబులెస్ అయితే ఇంకో నాలుగైదు తగ్గించుకోవచ్చు. టైరుకి 60 మిల్లీలీటర్ల సీలెంటు, అంటే చిన్న రంధ్రాలను తనంత తానే పూడ్చే ద్రవం పోయాలి. మన ఎండలకు అది రెండు మూడు నెలల్లో ఆరిపోతుంది. చక్రాన్ని చెవి దగ్గర పెట్టి ఊపితే నీళ్ల చప్పుడు రావాలి. రాలేదంటే లోపల పొర తప్ప ఏమీ మిగల్లేదు.

బయటి నుంచి వచ్చేవాళ్లకు ఎవరూ చెప్పని సంగతి వాల్వు. ఖరీదైన సైకిళ్లకు సన్నటి ప్రెస్టా వాల్వు ఉంటుంది. పల్లె షాపులో పంపు దానికి పట్టదు. గోరంత ఇత్తడి అడాప్టరు ఒకటి జేబులో ఉంటే బైకులకు గాలి కొట్టే ఏ కంప్రెసరైనా పనికొస్తుంది. మరీ గతిలేనప్పుడు నల్ల సైకిలు ట్యూబు మీ సైకిలుకుండే 700 సైజు టైరులో కాస్త ముడత పడ్డా ఇంటికి చేరుస్తుంది. అయితే రిమ్ముకి ఉన్న రంధ్రం ఎనిమిదిన్నర మిల్లీమీటర్లదై ఉండాలి. ప్రెస్టాకి వేసేది ఆరున్నరే, అందులో ఆ వాల్వు దూరదు. ఇంటి దగ్గర ఒక్కసారి కొలిచి చూసుకోండి.

ఇక ముల్లు. చెరువు గట్ల మీద సర్కారు తుమ్మ లేని చోటు వెతకాలి. కొమ్మలు కొట్టి కంచె వేసిన దారిలో అయితే చెప్పనే అక్కర్లేదు. పంచరు వేయడం అందరికీ వచ్చు, వేశాక కిలోమీటరు లోపే మళ్లీ గాలి ఎందుకు పోతుందో చాలామందికి తెలీదు. ముల్లు పైన విరిగిపోయి, మిల్లీమీటరు మొన టైరు లోపలే ఉండిపోతుంది. వేలితో తడిమితే తగలదు, తగిలితే వేలిలోనే దిగుతుంది. దూది ఉండ తీసుకుని టైరు లోపలి వైపు చుట్టూ మెల్లగా రాయండి. పోగు ఎక్కడ చిక్కుకుంటే మొన అక్కడుంది. బయటి నుంచి పిన్నుతో వెనక్కి నెట్టి, లోపలి నుంచి పట్టకారుతో లాగాలి.

వాన తరవాత నేల సంగతి. ఎర్ర గ్రావెలు పూటలో నీళ్లు దిగిపోయి మర్నాటికి తొక్కడానికి హాయిగా ఉంటుంది, నిజానికి దుమ్ము లేచే రోజు కంటే మెరుగు. వరి మడుల మధ్య బంకమట్టి గట్టుకి రెండు మూడు రోజుల ఎండ కావాలి. దిగి చెప్పు మడమతో నొక్కి చూడండి. మట్టి చెప్పుకి అంటుకుని లేచిందంటే టైరుకీ అలాగే లేస్తుంది. పది గజాల్లో చక్రానికీ ఫోర్కుకీ మధ్య ముద్ద బిగిసి చక్రం ఆగిపోతుంది. అప్పుడు బలం పెట్టి తొక్కితే వెనక గేర్లు మార్చే డిరైలర్ ఊడి వస్తుంది. పుల్లతో గీకి, గడ్డి ఉన్న అంచున నడిపించుకుపోవడమే దారి.

నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు మంచి కాలమని వ్యాసంలో రాశారు, వాతావరణానికి అది నిజమే. కానీ వరికోతలూ నూర్పులూ ఆ రోజుల్లోనే. గట్లన్నీ గడ్డి, రోడ్లన్నీ ధాన్యం. తరవాత పెసర, మినుము, ఉలవ చేల వంతు. బళ్లు తొక్కి గింజ రాలుతుందని ఉలవ తీగల్ని దారి పొడుగునా పరుస్తారు. ఈ తీగలు వరిగడ్డి కంటే ప్రమాదం, ఇనుప తీగ చుట్టినట్టే చుట్టుకుంటాయి. చైను తీసుకొచ్చిన గడ్డిపోచ డిరైలర్ కింది పుల్లీలోకి దూరుతుంది, వెనకాలే ఇంకో పది వస్తాయి. వాటితో డిరైలర్ బిగిసి వెనక్కి తిరిగి చక్రం పుల్లల్లోకి వెళ్తే, దాన్ని ఫ్రేముకి పట్టి ఉంచే హ్యాంగర్ అనే చిన్న అల్యూమినియం ముక్క విరిగిపోతుంది. అది విరగడానికే పెట్టిన ముక్క, ఫ్రేమును కాపాడుతుంది. కానీ ఒక్కో మోడలుకి ఒక్కో ఆకారం, జిల్లాలో ఏ షాపులోనూ దొరుకుతుందనుకోకండి. మీ సైకిలుదే ఒకటి సంచీలో పెట్టుకోండి.

కరకరమన్న చప్పుడు వినగానే తొక్కడం ఆపాలి. వెనక్కి తొక్కి వదిలించుకుందామనుకుంటే గడ్డి ఇంకా లోపలికి పోతుంది. దిగి, వెనక చక్రం పైకెత్తి, పెడలు చేత్తో మెల్లగా ముందుకు తిప్పుతూ వెనక అతి చిన్న పళ్ల చక్రం మీదికి చైను దించండి. చైను వదులవుతుంది. ముందు కింది పుల్లీ, తరవాత పై పుల్లీ, ఆఖరున వెనక పళ్ల చక్రాల మధ్య గడ్డి లాగాలి. రాకపోతే బ్లేడుతో కోయాలి. బయలుదేరే ముందు వెనక నుంచి చూసి డిరైలర్ నిటారుగా ఉందో లేదో గమనించండి. లోపలికి వంగి కనిపిస్తే ఆ రోజుకి అతి పెద్ద పళ్ల చక్రం జోలికి పోవద్దు, చైను పుల్లల్లోకి దూకుతుంది. ధాన్యం ఆరబెట్టిన చోట మాత్రం దిగి పక్కనుంచి నడవండి. గింజల మీద టైరు గోలీల మీద నడిచినట్టు జారుతుంది. ఆ సంగతి అలా ఉంచితే, అది ఒకరి ఏడాది తిండి.

ఇసుక గురించి ఎక్కువ చెప్పేదేం లేదు. కళింగపట్నం దగ్గర సరుగుడు తోటల్లో దిగేముందే గేరు తేలిక చేసుకోండి, బరువు వెనక్కి వేయండి, హ్యాండిల్ని బిగించి పట్టకండి, ముందు బ్రేకు ముట్టుకోకండి. అలలు తడిపిన ఇసుక గట్టిగానే ఉంటుంది, దాని మీద ఉత్సాహపడి తొక్కినవాళ్లు ఆ రాత్రే మంచినీళ్లతో కడిగి చైనుకి నూనె వేయకపోతే తెల్లారేసరికి చిలుము.

గాలి లెక్క కూడా వేసుకోవాలి. పొద్దు పదకొండు దాటాక సముద్రం గాలి లేస్తుంది. పొద్దున్నే శ్రీకాకుళంలో బయలుదేరి, గార మీదుగా సాలిహుండం బౌద్ధ స్తూపాల కొండ చూసుకుని కళింగపట్నం చేరితే, మధ్యాహ్నం తిరుగుదారిలో ఆ గాలి వీపు మీద ఉంటుంది. తిరగేసి వెళ్తే అదే దూరానికి రెట్టింపు శ్రమ. దారంతా తాటిచెట్లే, వాటి నీడ తాటికే చాలదు. మనిషికి మూడు లీటర్ల నీళ్లు తప్పవు. కాలువ నీళ్లు తాగకండి. ఏ ఊళ్లోనైనా అడిగితే మజ్జిగో చోడి అంబలో లేదనరు.

నదులు, గెడ్డలు (వాగులు). వంశధార ఒడిశాలో పుట్టి వస్తుంది కాబట్టి ఇక్కడ చినుకు పడకపోయినా వరద రావచ్చు. పై నుంచి నీరు వదిలారని విన్నరోజు నదిలో దిగే బండిదారి వద్దు. మామూలు రోజుల్లోనైనా ఇసుక తవ్విన గోతులు నీటి కింద కనబడవు, సైకిలు భుజాన వేసుకుని కర్రతో చూసుకుంటూ దాటాలి. కాజ్‌వేల మీద పచ్చగా నాచు ఉన్న చోట బ్రేకు వేయకూడదు, హ్యాండిల్ తిప్పకూడదు. నీళ్లు చక్రం ఇరుసు దాటితే బేరింగుల్లో గ్రీజు పోతుంది, ఇంటికొచ్చాక విప్పి చూడాలి.

ఉద్దానం జీడితోటలు, కొబ్బరితోటలు చూడ్డానికి అందమే, కానీ అక్కడ ఎలుగులు తిరుగుతాయి. మనుషుల మీద పడి ప్రాణాలు తీసిన సందర్భాలున్నాయి. పొద్దు బాగా పొడిచేదాకా ఆగండి, సాయంత్రం అయిదు లోపు తోటలు దాటండి. మలుపుల్లో గంట కొట్టండి, చెవుల్లో పాటలు వద్దు. జీడిపళ్లు, పనసపళ్లు పండే రోజుల్లో ఇంకాస్త జాగ్రత్త. పాతపట్నం, సీతంపేట వైపు వెళ్లేవాళ్లు ఏనుగుల జాడ ఊళ్లో అడిగి గానీ కదలొద్దు. తేలినీలాపురంలో గూడబాతులు ఊరి చెట్ల మీదే పిల్లల్ని పెంచుతాయి. అక్కడ గంట కూడా కొట్టకండి, దిగి నడవండి.

వ్యాసం చివర గట్లకు సిమెంటు సైకిలు ట్రాకు వేయాలని కోరారు. మాకు అది అనవసరం అనిపిస్తుంది. వంశధార ఎడమ ప్రధాన కాలువ ఒక్కటే టెక్కలి, పలాస వైపు వంద కిలోమీటర్లకు పైగా సాగుతుంది. ఉన్న గట్టును చెడగొట్టకుండా ఉంచితే అంతకంటే మంచి దారి ఉండదు. వేసవిలో పూడిక తీసి గట్టు మీద కుప్పలు పోసి వదిలేస్తారు. అవి పశువుల గిట్టల గుర్తులతో సహా ఎండి పెంకుల్లా మారతాయి, ఎడ్లబండి కూడా పోదు. పచ్చిగా ఉన్నప్పుడే చదును చేయిస్తే ఒక్క పూట పని. గుంతలు పూడ్చేటప్పుడు ఉత్త 40 ఎంఎం కంకర పోసి పోవద్దు. పట్టు ఉండేలా మట్టి కలిసిన గ్రావెలు పోసి, నీళ్లు చల్లి, రోలరు తిప్పాలి. రోలరు తిప్పని కంకర నెలలో పక్కకి చెదిరి కాలువలోనే పడుతుంది.

ఇసుక ట్రాక్టర్లను ఆపడానికి గట్టు మొదట్లో అడ్డంగా పాతుతున్న ఇనుప స్తంభాలు మంచివే. కొన్నిచోట్ల మరీ దగ్గరగా పాతడంతో సైకిలు ఎత్తి అవతల పెట్టుకోవాల్సి వస్తోంది. మధ్యలో ఒక్క మీటరు వదలమని జలవనరుల శాఖకు మీ పత్రిక ద్వారా మనవి. పాలక్యాన్ల సైకిలు పడుతుంది, ఆవు పడుతుంది, ట్రాక్టరు పట్టదు.

ఇట్లు,
ఇద్దరు పాఠకులు,
ఆమదాలవలస, శ్రీకాకుళం జిల్లా