నీళ్ళు ముందు, నూనె తర్వాత: చరిత్ర బృందం వార్షిక నివేదిక

సభ్యులకు నమస్కారం.

సంక్రాంతి సంబరాలు, పిల్లల తెలుగు తరగతుల సంగతులు ప్రధాన నివేదికలో ఉన్నాయి. ఇది మన చరిత్ర బృందం గురించి మాత్రమే. ఈ ఏడాది మేం పట్టుకున్న పని ఒక్కటే: గొట్టం మూతి నుంచి మందు దట్టించి పేల్చే అమెరికన్ తుపాకుల్ని అడవుల్లో బతికిన ఆ కాలంవాళ్ళు ఎలా శుభ్రం చేసుకునేవారో స్వయంగా చేసి చూడటం. మన వైపు నాటు తుపాకులూ ఇలాంటివే కాబట్టి పెద్దగా పరిచయం అక్కర్లేదు.

సెప్టెంబరులో ఇండియానాలోని ఫ్రెండ్‌షిప్ అనే పల్లెకు వెళ్ళాం. ఇలా మూతి నుంచి దట్టించే తుపాకుల అభిమానుల సంఘం, 1933లో మొదలైన జాతీయ మజిల్ లోడింగ్ రైఫిల్ అసోసియేషన్ మైదానం అక్కడే ఉంది. గురి పోటీలు బాగున్నాయి కానీ, మాకు అసలు పాఠం దొరికింది సాయంత్రం తుపాకులు కడిగే బకెట్ల దగ్గర.

బ్లాక్ పౌడర్‌ని నల్లమందు అని రాయబోయి ఆగాను, అది వేరే కేసు అవుతుంది! ఈ తుపాకి మందులో నూటికి 75 పాళ్ళు సూరేకారం, 15 బొగ్గు, 10 గంధకం. కాలాక సగానికి పైగా మసి, లవణాలుగా గొట్టంలోనే మిగలడమో పొగలో కలిసిపోవడమో జరుగుతుంది. ఆ లవణాలు గాలిలోని తేమను లాక్కుని ఇనుముకు తుప్పు పట్టిస్తాయి. కానీ నీళ్ళలో ఇట్టే కరుగుతాయి. అందుకే ముందు నీళ్ళు. మా సభ్యుడొకాయన తొందరపడి ముందే మెషిన్ ఆయిల్ పోశారు. మసంతా తారులా అంటుకుని, సాయంత్రమంతా దానికే సరిపోయింది.

ముందుగా, మందు లోపల లేదని తేల్చుకోవాలి. దట్టించే కర్రను గొట్టంలోకి దింపి, ఎంత లోతు వెళ్ళిందో బయట గొట్టం పక్కన పెట్టి కొలిచి చూస్తే తెలిసిపోతుంది. పెన్సిల్వేనియా లాంగ్ రైఫిల్ అనే పొడవాటి పాతకాలపు తుపాకి గొట్టాన్ని చీలలతో చెక్కకు బిగిస్తారు, మాటిమాటికీ ఊడదీయకూడదు. కాబట్టి నిప్పంటుకునే రంధ్రంలో టర్కీ కోడి ఈక కాడ దోపి, గోరువెచ్చని నీళ్ళు పోసి, మూతిని బొటనవేలితో మూసి ఊపి పారబోస్తాం. నీళ్ళు తేటగా వచ్చేదాకా ఇదే పని. తర్వాత కర్ర చివర మెలితిరిగిన ఇనుప కొక్కేనికి అవిసె నార చుట్టి తోముతాం. సెయింట్ లూయిస్‌లో హాకెన్ సోదరులు చేసిన రైఫిళ్ళతో ఇంత తిప్పలు లేదు. గొట్టం వెనక కొక్కెం ఉంటుంది, విడదీసి నేరుగా బకెట్లో ముంచొచ్చు.

మరిగే నీళ్ళా, చన్నీళ్ళా అన్నదానిపై మా బృందం ఇంకా రెండుగా చీలే ఉంది. మరిగే నీళ్ళు త్వరగా ఆరతాయి, కానీ కళ్ళముందే ఎర్రటి తుప్పు పొర వస్తుంది. నా ఓటు గోరువెచ్చటివాటికే.

ఆరాక కొవ్వు రాయాలి. ఆ రోజుల్లో ఎలుగుబంటి కొవ్వు వాడేవారు. మేం గొర్రె కొవ్వు, తేనెమైనం కలిపి కాచుకున్నాం. ఊరి నుంచి వచ్చిన ఒక సభ్యుడి అమ్మగారు ఇదంతా చూసి, "దోసెల పెనం లాగే కదర్రా, కడిగి ఆరబెట్టి నూనె రాయడమే" అన్నారు. ఇత్తడి భాగాలకు అప్పట్లో ఇటుక పొడి వాడేవారని వినగానే ఆమె ఇంకా నవ్వారు. నిజంగా పాతకాలపు తుపాకి మీద మాత్రం ఆ పొడి వద్దు. వందేళ్ళ రంగు ఒక్క పూటలో పోతుంది.

వచ్చే ఏడాది ఫ్లింట్‌లాక్‌ని, అంటే చెకుముకి రాయితో మందుకు నిప్పంటించే భాగాన్ని, విప్పి శుభ్రం చేయడం నేర్చుకుందామనుకుంటున్నాం. ఫ్రెండ్‌షిప్ నుంచి వచ్చేటప్పుడు బృందం బకెట్, నార మూట ఎవరి కారులో ఉండిపోయాయో వారు దయచేసి తిరిగి ఇవ్వగలరు.

ఇట్లు,
కార్యదర్శి, చరిత్ర బృందం