నల్లదేవుడి సంగతి చెప్పకపోతే కడుపు ఉబ్బిపోయేలా ఉంది

ఒరేయ్ కుంభకర్ణా,

నీ ఉత్తరానికి జవాబు ఆలస్యమైంది. తిట్టుకుంటూనే ఉండి ఉంటావు, ఇంకో రెండు తిట్టుకో. అమ్మ మోకాలి నొప్పి తగ్గింది, ఇంటి అద్దె పెరిగింది, ఆఫీసు ఎప్పటిలాగే ఏడుస్తోంది. క్షేమ సమాచారాలు అయిపోయాయి. ఇక అసలు సంగతి.

పోయిన ఆదివారం మేనల్లుడు మా ఇంట్లో కింగ్‌డమ్ హార్ట్స్ ఆడుతున్నాడు. 2002 నాటి వీడియో ఆట. దాదాపు చివరికి వచ్చాక అగ్నిపర్వతంలోంచి రెక్కలూ కొమ్ములూ ఉన్న ఒక మహాకాయుడు లేచాడు. పిల్లవాడు వాడి తల చుట్టూ ఎగురుతూ కొడుతున్నాడు, వాడేమో నిప్పులు కక్కుతున్నాడు. పేరు చెర్నబోగ్, అంటే స్లావుల భాషలో నల్లదేవుడు. "వీడు దేవుడా, దయ్యమా మామయ్యా?" అని అడిగాడు. అంతే, ఆ రాత్రి నాకు నిద్ర లేదు. నీకు ఈ బాధ అర్థం కాదులే, పరీక్ష హాల్లోనే గురక పెట్టినవాడివి.

ఆ రూపం 1940 నాటి డిస్నీ చిత్రం ఫాంటాసియాలోది. రష్యన్ సంగీతకారుడు ముసోర్గ్‌స్కీ సంగీతం మోగుతుండగా కొండ శిఖరం నెమ్మదిగా విచ్చుకుంటుంది. చూస్తే అవి రెక్కలు! వాడి చేతి నీడ కింద ఊరి ఇళ్ల మీదుగా పాకుతుంది, సమాధుల్లోంచి ప్రేతాలు లేస్తాయి. అరచేతిలో మంటలు ఆడకూతుళ్లలా నాట్యం చేస్తాయి, వాటిని జంతువులుగా మార్చి ఆడుకుంటాడు. తెల్లవారుజామున గుడి గంట మోగేసరికి కొరడా దెబ్బ తిన్నట్టు మెలికలు తిరిగి మళ్లీ కొండగా ముడుచుకుంటాడు. వాణ్ని గీసినవాడు బిల్ టైట్లా, యుక్రెయిన్ మూలాలున్నవాడు. నమూనాగా నిలబడడానికి డ్రాక్యులా వేషంతో పేరుపడ్డ బేలా లుగోసీనే పిలిపించారట. టైట్లాకు అది నచ్చక, దర్శకుడు విల్ఫ్రెడ్ జాక్సన్‌ను చొక్కా విప్పించి నిలబెట్టాడట! ఆ దర్శకుడి అవస్థ తలుచుకుని ఒక్కణ్నే నవ్వుకున్నాను. మన కాలేజీ నాటకంలో నీ హిరణ్యకశిపుడి వేషం గుర్తొచ్చింది. సరే, ఆ బనియను ప్రస్తావన మళ్లీ తేనులే.

ఇక తవ్వుతూ పోయాను. 1997లో వచ్చిన బ్లడ్ అనే తుపాకుల ఆటలో ప్రధాన శత్రువు వీడే. విచర్ 3 అనే ఆటలో వీడి పేరున్న రాయిని కత్తికి పొదిగితే దెబ్బ బలం పెరుగుతుంది. ఆర్క్‌నైట్స్‌లో ఏకంగా ఒక నగరానికే వీడి పేరు. స్మైట్ అనే ఆటలో దేశదేశాల దేవుళ్లు కలిసి కొట్టుకుంటారు, 2018లో వీడూ అందులో చేరాడు. అక్కడ మన కుంభకర్ణుడు కూడా ఉన్నాడురా! ఆవలిస్తే చాలు, ఎదుటివాళ్లు జోగుతారు. నిన్ను చూసే చేశారని నా గట్టి నమ్మకం.

ఇప్పుడు అసలు విడ్డూరం. ఇంత హంగామాకూ మూలం ఎంతో తెలుసా? 12వ శతాబ్దంలో బోసావు అనే ఊళ్లో హెల్మోల్డ్ అనే క్రైస్తవ మతాచార్యుడు లాటిన్‌లో రాసిన నాలుగు ముక్కలు! ఇప్పటి ఉత్తర జర్మనీలో అప్పట్లో ఉన్న స్లావులు అనే జాతివాళ్ల విందు గురించి. ఒక పాత్రను చేతి నుంచి చేతికి అందించుకుంటూ, మంచి దేవుడి పేరుతోనూ చెడ్డ దేవుడి పేరుతోనూ ఏవో మాటలు పలుకుతారట. మంచి జరిగితే ఆయన దయ, చెడు జరిగితే ఈయన పని. ఈ చెడ్డాయన పేరే నల్లదేవుడు. అంతే! రెక్కలు లేవు, కొమ్ములు లేవు, కొండ లేదు. పైగా రాసినవాడు వాళ్ల మతాన్ని రూపుమాపాలనుకున్న పక్షం మనిషి. ఆ మాటలు దీవెనలు కావు, శాపాలేనని ఒక వెటకారం కూడా విసిరాడు. ఆ పాత్ర పట్టుకున్నవాళ్లు తమ మాటగా ఒక్క అక్షరమూ రాసి పెట్టలేదు. నాకు నిజంగా బాధేసింది. పగవాడి సాక్ష్యం మీదే ఒక దేవుడికి శాశ్వతంగా ఉరిశిక్ష...

కానీ ఆలోచించు. విందులో చెడ్డ దేవుడికీ ఒక వాటా ఉంది కదా! మశూచి తెచ్చేదీ తీసేదీ పోలేరమ్మే అని మనవాళ్లు జాతర చేయలేదా? పేరు తలిచి గుక్క తాగాల్సిన దేవుణ్ని ఈ ఆటలవాళ్లు కొట్టి చంపాల్సిన రాక్షసుణ్ని చేశారు. కోపం వస్తుందా రాదా?

ఒక్క నీల్ గైమన్ నవల అమెరికన్ గాడ్స్‌లోనే వీడు నాకు మనిషిలా కనిపించాడు. షికాగోలో ఇరుకింట్లో ఉండే ముసలాడు, కబేళాలో సమ్మెటతో పశువుల్ని కొట్టిన పనివాడు. ఆ పనికి యంత్రం వచ్చాక ఎవడైనా చంపగలడని, నేర్పుకు విలువ పోయిందని సణుగుతాడు. గళ్లబల్ల మీద ఆటాడి, గెలిస్తే నీ తల మీద ఒక్క దెబ్బ కొడతానని పందెం! 2017 టీవీ రూపంలో పీటర్ స్టోర్మేర్ ఆ పాత్ర వేశాడు. రెక్కల మహాకాయుడి కంటే నాకు ఈ ముసలాడంటేనే భయం.

ఆ మంచి దేవుడు, అదే తెల్లదేవుడి సంగతి ఇంకా ఉంది, హెల్మోల్డ్ ఆ పేరే ఎత్తలేదు, అయినా తర్వాతివాళ్లు... అబ్బా, కింద ఆటో వాడు హారన్ కొట్టేస్తున్నాడు, రైలు తప్పిపోతుంది. మిగతాది ఇంకో ఉత్తరంలో రాస్తాను. నువ్వు మాత్రం

నీ
హిరణ్యాక్షుడు