కళ్ళు పెద్దవి చెయ్యమంటే ఎక్కణ్ణుంచి చేస్తారు?

సంపాదకులు గారికి,

పోయిన వారం మీ పేపర్లో లైఫ్ సర్టిఫికెట్ల (పెన్షనర్లు బతికే ఉన్నామని ఏటా ఇచ్చే రుజువు) వార్త చూశాను. పెద్దవాళ్ళు కెమెరా ముందు కళ్ళు సరిగ్గా తెరవట్లేదు, అందుకే ముఖం గుర్తింపు ఫెయిలవుతోంది అని ఎవరో అధికారి అన్నారట. చదివి రెండ్రోజులు ఊరుకున్నాను, ఇక ఊరుకోలేక రాస్తున్నా.

మా నాన్నగారికి 81, రైల్వేలో చేసి రిటైరయ్యారు. మొన్న మా గుంటూరులో శంకర్ విలాస్ బ్రిడ్జి పనుల మూలాన ఆటోలో ఊరంతా చుట్టి బ్యాంకుకి తీసుకెళ్తే, కౌంటర్లో కుర్రాడు ఫోన్ మొహమ్మీద పెట్టి "తాతా, కళ్ళు పెద్దవి చెయ్యి, రెప్పలు కొట్టు" అని ఒకటే అరుపులు. ఆయన కొడుతూనే ఉన్నారండీ! పైరెప్ప చర్మం జారి కంటిగుడ్డు మీదకి వచ్చేసింది, కొట్టినా ఆ ఫోనుకి తెలీదు. చివరికి రెండు చూపుడువేళ్ళతో రెప్పలు పైకెత్తి పట్టుకుని నిలబడ్డారు, అంతమంది చూస్తుండగా. చేతులు అడ్డమొచ్చాయని మళ్ళీ ఫెయిల్.

వయసొస్తే కన్ను మారుతుందని వీళ్ళకి ఎవరూ చెప్పలేదా? నడివయసు నుంచి 85 వచ్చేసరికి కన్ను ఈ మూల నుంచి ఆ మూలకి దాదాపు పదోవంతు తగ్గిపోతుంది, మూలల్లో పట్టుకునుండే కండరబంధాలు వదులైపోయి. కింది రెప్ప జారడం మగవాళ్ళకి ఇంకా ఎక్కువ. కొవ్వు ముందుకొచ్చి సంచుల్లా వేలాడుతుంది, చుట్టూ ఉన్న ఎముక గుంత కూడా పెద్దదవుతుంది. పెద్దగా మారనిది నల్లగుడ్డు సైజు, 12 మిల్లీమీటర్లకి కాస్త అటూ ఇటూ. ఫోను పోల్చి చూసే నాన్నగారి ఆధార్ ఫోటో 2012 నాటిది. ఆ మొహం ఇప్పుడు తెమ్మంటే ఎలా?

80 దాటినవాళ్ళు లైఫ్ సర్టిఫికెట్ అక్టోబరు 1 నుంచే ఇవ్వొచ్చని రూలుంది, ఒక్క బోర్డు పెట్టలేదు. 70 దాటినవాళ్ళ దగ్గర ఇంటికెళ్ళి లైఫ్ సర్టిఫికెట్ తీసుకోవాలని రిజర్వ్ బ్యాంకు 2017లోనే బ్యాంకులకి చెప్పింది, అడిగితే "మాకు ఆర్డర్ రాలేదు" అంటారు. కూర్చోడానికి కుర్చీ లేదు, మంచినీళ్ళు లేవు, ఏదడిగినా సర్వర్ అనో యాప్ అనో అంటారు తప్ప మనిషి ఎదురుగా నిలబడి ఉంటే బతికున్నాడని రాసిచ్చే నాథుడు లేడు. ముప్పై ఏళ్ళ కిందట ఇదే ఊళ్ళో కాగితమ్మీద సంతకం పెడితే పనయ్యేది.

నల్లగుడ్డుని చూసి మనిషిని గుర్తుపట్టే ఐరిస్ మెషిన్ పెట్టండి, లేదా ఇంటికి మనిషిని పంపండి. ఈ నెల 30 లోపు ఎవరొస్తారో చెప్పమనండి, మేం ఇంట్లోనే ఉంటాం.

– ఓ పెన్షనర్ కొడుకు, బ్రాడీపేట, గుంటూరు