కొండ మీద కుమ్మరమ్మ

ఒరేయ్ శీనా,

నీ మెసేజి వచ్చి మూడు రోజులైంది. ఫోన్లో ఏదైనా చెప్తే నువ్వు "సరేలే" అని వదిలేస్తావు. అందుకే తీరిగ్గా కూర్చుని ఉత్తరం రాస్తున్నా, టీ పెట్టుకుని చదువు.

చెల్లెమ్మ అంతా చెప్పింది. ఎగ్జిబిషన్లో నాలుగు రోజులు కూర్చుని, పెట్టెలు కట్టినవి కట్టినట్టే వెనక్కి తెచ్చావట. ఎవరో ఒకావిడ నీ నీలం గిన్నె చేతిలోకి తీసుకుని "ఇది మిషన్లో చేసిందా?" అని అడిగితే, నువ్వు అడ్డంగా తలూపి ఊరుకున్నావట. ఆవిడ గిన్నె అక్కడ పెట్టేసి వెళ్ళిపోయింది. పైగా నాకు రాశావు, "మట్టి మాట్లాడాలి గానీ నేనెందుకు మాట్లాడాలి" అని. అప్పటినుంచి ఆ మాటే మనసులో తిరుగుతోందిరా.

పోయిన ఆదివారం ఓహై వెళ్ళాను. లాస్ ఏంజెలస్ నుంచి కారులో రెండు గంటల లోపే. నారింజ తోటలు, వాటి వెనక ఎండు కొండలు. సాయంత్రం అయ్యేసరికి ఆ కొండలు గులాబీ రంగుకి తిరుగుతాయి. నాకు మన హార్స్‌లీ కొండ కింది దారి గుర్తొచ్చి గొంతు పట్టేసింది. మన మదనపల్లెలో 1895లో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి గారు 1986లో కన్నుమూసింది ఈ ఊళ్ళోనే. మన బి.టి. కాలేజీకి ఏ అనీ బెసెంట్ పేరుందో, ఆవిడ చొరవతోనే 1927లో ఇక్కడి ఎగువ లోయలో పెద్ద నేల కొన్నారు. ఇప్పుడు అక్కడున్న బడికి కూడా బెసెంట్ పేరే. ఆ బడి పక్కన, అదే నేల మీద ఒక కుమ్మరమ్మ ఇల్లుంది. పేరు బియాట్రిస్ వుడ్. నీకు చెప్పాలనుకున్నది ఈవిడ గురించే.

1893లో శాన్ ఫ్రాన్సిస్కోలో, బాగా ఉన్న ఇంట్లో పుట్టింది. ఇంట్లో వాళ్ళ మాట వినకుండా పారిస్‌లో బొమ్మలు నేర్చుకుంది, నాటకాలేసింది. న్యూయార్క్‌లో మార్సెల్ డుషాంప్ అనే ఫ్రెంచి కళాకారుడి గుంపులో చేరింది. 1917లో అక్కడి పెద్ద ప్రదర్శనకి స్నానం చేస్తున్న ఆడమనిషి బొమ్మ వేసి, దాని మీద నిజం సబ్బు బిళ్ళ అతికించి పెట్టింది. చూడ్డానికొచ్చిన మగవాళ్ళు ఆ ఫ్రేములో తమ విజిటింగ్ కార్డులు దోపి వెళ్ళారట!

అయినా అప్పటికింకా మట్టి ముట్టుకోలేదు. 1930లో కృష్ణమూర్తి గారి ప్రసంగాలు వినడానికి హాలెండ్ వెళ్ళినప్పుడు, మెరుపు గ్లేజున్న, అంటే మట్టి మీద కాల్చిన గాజు పూత ఉన్న, పాతకాలం ప్లేట్లు ఆరు కొనుక్కుంది. వాటికి జోడీగా టీ కెటిల్ కావాలని వెతికితే ఎక్కడా దొరకలేదు. సరే, నేనే చేసుకుంటానని 1933లో హాలీవుడ్ హైస్కూల్లో పెద్దవాళ్ళ కోసం పెట్టిన క్లాసులో చేరింది. అప్పుడామెకు నలభై ఏళ్ళు. నీకిప్పుడు నలభై రెండు, అందుకే ఇది మరీ మరీ చెప్తున్నా. ఆ తర్వాత గ్లెన్ లూకెన్స్, నాట్జ్‌లర్ దంపతులు అనే పేరున్న కుమ్మరుల దగ్గర నేర్చుకుంది. 1948లో ఓహైకి మారింది.

ఆవిడ గ్లేజు గురించి నీకు చెప్పకపోతే నాకు పాపం తగుల్తుంది. నువ్వెప్పుడూ కరెంటు బట్టీలోనే కాలుస్తావు కదా, ఇది వేరే దారి. గ్లేజులోనే వెండి, రాగి లాంటి లోహాల లవణాలు కలుపుతారు. బట్టీ బాగా కాలాక లోపలికి గాలి తగ్గించి పొగ పట్టిస్తారు. గాలందని మంట, గ్లేజులో ఉన్న ఆక్సిజన్‌ని లాగేసుకుంటుంది. లోహం సన్నటి పొరలా పైకి తేలుతుంది. అద్దాల బీరువాలో ఒక పాత్ర ముందు నేను పావుగంట నిలబడ్డాను. ఎదురుగా చూస్తే బంగారం. ఒక్కడుగు ఎడమకి జరిగితే పావురం మెడలా ఆకుపచ్చ, ఊదా. వంగి చూస్తే అంచు దగ్గర గ్లేజు పొంగి, బొబ్బలెక్కి, అక్కడ మాత్రం ముదురు గులాబీ. ఏ ఫోటోలోనూ ఆ రంగు పడదురా. మనిషే దాని చుట్టూ తిరగాలి.

1961లో, అరవై ఎనిమిదేళ్ళ వయసులో, తన పాత్రలు పట్టుకుని మన దేశం వచ్చింది, ఊరూరా తిరిగి చూపించింది. వెనక్కి వెళ్ళాక చీర కట్టడం మొదలుపెట్టి, పోయేదాకా మానలేదు. చేతుల నిండా వెండి కడియాలు, మెడ నిండా బరువైన హారాలు. ఆ వేషంలోనే కొండ మీద షోరూముకి వచ్చినవాళ్ళతో కబుర్లు చెప్పేది. ఇంత కాలం బతకడానికి కారణమేంటని అడిగితే చాక్లెట్లు, కుర్రాళ్ళు అనేది. జనం ఆ మాటల కోసమే కొండెక్కేవాళ్ళు. దిగేటప్పుడు చేతిలో పాత్ర ఉండేది. నూరేళ్ళు దాటి 1998లో, నూట ఐదో పుట్టినరోజు అయిన తొమ్మిదో రోజున పోయింది.

ఇదంతా మార్కెటింగే కదా అంటావు. కాదని నా నమ్మకం. ఎవరూ రాకపోయినా ఆవిడ అలాగే చీర కట్టుకుని, అలాగే నవ్వుతూ ఉండేది. రంగంటే పిచ్చి ఉన్న మనిషి. ఆ పిచ్చి ఒంటి మీదా ఉంది, పాత్ర మీదా ఉంది.

నీ వైపు వాదన కూడా వదల్లేదులే. మిసిసిపీలో బిలాక్సీ అనే ఊళ్ళో జార్జ్ ఓర్ అనే కుమ్మరి ఉండేవాడు, 1857లో పుట్టాడు. బారెడు మీసాలు. ప్రపంచంలో తనంత కుమ్మరి లేడని బోర్డులు రాసి పెట్టుకున్నాడు. జనం తమాషా చూడ్డానికొచ్చి చిల్లర బొమ్మలు కొనుక్కుని పోయారు. కాగితమంత పల్చగా సారె మీద లాగి, నలిపి, మెలితిప్పి చేసిన అసలు పాత్రల్ని మాత్రం వదిలేశారు. 1894లో దుకాణం కాలిపోతే, కాలిన కుండల్ని కూడా కాలిన బిడ్డలని పిలిచి దాచుకున్నాడు. 1910 ప్రాంతంలో పని ఆపేసి, వేల పాత్రలు ఇంటివాళ్ళకి అప్పజెప్పి 1918లో పోయాడు. యాభై ఏళ్ళు దాటాక పాత సామాన్ల వ్యాపారి ఒకాయన వచ్చి ఆ కుప్పంతా కొంటే గానీ లోకం కళ్ళు తెరవలేదు. ఇప్పుడు ఆ ఊళ్ళో ఆయన పేరుతో మ్యూజియం ఉంది. మీసం జనాన్ని పిలిచింది గానీ పాత్రని అమ్మలేకపోయింది, ఒప్పుకుంటాను. కానీ ఆ పాత్రలకి నోరుండి ఉంటే యాభై ఏళ్ళు చీకట్లో పడుండేవా చెప్పు?

నువ్వు మీసం పెంచక్కర్లేదు, బోర్డు రాయక్కర్లేదు. నువ్విచ్చిన కప్పు ఇప్పుడు నా ముందే ఉంది. పిడి కింద గ్లేజు కారి ఆగిన చోట చింతగింజంత ఆకుపచ్చ బొట్టు. పొద్దున్నే బొటనవేలు సరిగ్గా దాని మీదే ఆనుతుంది. ఆ రోజు బట్టీ మధ్యలో కరెంటు పోయింది. అంతా నాశనమైందని ఏడ్చినంత పని చేశావు. తెల్లారకముందే మూత తీసి, ఇక్కడ నేను ఆఫీసులో ఉంటే ఫోన్ చేసి, "పచ్చ వచ్చిందిరా, పచ్చ!" అని వీధి అంతా లేచేలా అరిచావు. పలమనేరు మట్టి, మీ అవ్వ గోడకి వేసే ఎర్రమన్ను, అన్నీ కలిపి గంటసేపు ఊపిరాడకుండా చెప్పావు. నేను మీటింగు వదిలేసి విన్నాను. ఆ గంటలో సగం ఆ నీలం గిన్నె ఆవిడకి చెప్పుంటే చాలు కదరా.

ఫోన్లో అరిచిన ఆ శీనుగాడినే వచ్చేసారి స్టాల్లో కూర్చోబెట్టు. సంక్రాంతికి వస్తున్నా, ఎగ్జిబిషన్ అప్పుడే ఉంటే నీ పక్కన స్టూలేసుకుని నేనూ కూర్చుంటా. అమ్మని అడిగానని చెప్పు. చెల్లెమ్మకి ఇక్కడి నారింజ తొక్కలు ఎండబెట్టి తెస్తున్నా.

ఆ పచ్చ మళ్ళీ వచ్చిందా? వస్తే నాకు రెండో కప్పు తీసిపెట్టు, దీనికి జోడీ కావాలి.

నీ
రాజా