సముద్ర సేవను అనుభవంగా గుర్తించండి: ఓడరేవుల శాఖ మంత్రిగారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన రాష్ట్ర ఓడరేవుల శాఖ మంత్రివర్యులకు,

విజయవాడ నుంచి ఒక విశ్రాంత బోసన్ (ఓడ డెక్ సిబ్బందికి మేస్త్రీ) నమస్కరించి రాస్తున్న లేఖ.

బందరు, రామాయపట్నం, మూలపేటలలో కొత్త రేవులు కట్టిస్తున్న ఈ సమయంలో, వాటిలో పనిచేయబోయే మనుషుల గురించి మీకు విన్నవించుకోవలసి ఉంది. మన కృష్ణా, గుంటూరు ప్రాంతాల పిల్లలు పదో తరగతి, ఇంటర్ అయ్యాక ఆరు నెలల జీపీ రేటింగ్ కోర్సు (ఆఫీసరు కాని ఓడ సిబ్బందిని రేటింగ్ అంటారు) చేసి, నావికుడి గుర్తింపు, సేవల పుస్తకమైన సీడీసీ చేతపట్టుకుని ఓడ ఎక్కుతున్నారు. ఎక్కేదాకా దారి చూపేవారు చాలామందే ఉన్నారు. ఎక్కాక ఎలా ఎదగాలో, దిగాక ఏ పనికి పోవాలో చెప్పేవారు లేరు.

దారి లేదని కాదు. సముద్రం మీద 36 నెలల సేవ ఉన్న రేటింగ్, తగిన చదువు చదివి పరీక్షల్లో నెగ్గితే ఓడ నడిపే డెక్ ఆఫీసరు కావచ్చునని నావికుల శిక్షణ, అర్హతలపై ఉన్న ఎస్‌టీసీడబ్ల్యూ అంతర్జాతీయ ఒప్పందమే చెబుతోంది. అయితే ఆ చదువుకు నెలల తరబడి ముంబయిలోనో చెన్నైలోనో ఉండాలి. రేటింగుకు జీతం సాధారణంగా ఓడ మీద ఉన్నన్నాళ్లే. ఇంటికి డబ్బు పంపవలసినవాడు చదువు వాయిదా వేసి మళ్లీ ఓడ ఎక్కుతాడు, తరువాతిసారీ అంతే, చూస్తుండగానే నలభై ఏళ్లు పైబడతాయి. తెలివి చాలక ఆగిపోయినవారికంటే ఆ కొన్ని నెలలు ఇల్లు గడిచే దారి లేక ఆగిపోయినవారినే నేను ఎక్కువగా చూశాను. వారికి ప్రభుత్వం ఉపకార వేతనమో, వడ్డీ లేని రుణమో ఇవ్వాలి.

ఒడ్డు సంగతి ఇంకా కష్టం. ఆఫీసర్లయితే ఓడలను తనిఖీ చేసే సర్వేయర్లుగా, ఓడ కంపెనీల్లో సూపరింటెండెంట్లుగా, ఓడలను రేవులోకి నడిపించే పైలట్లుగా స్థిరపడతారు. రేటింగుకు అలాంటి మెట్లు లేవు. ఓడను రేవుకు కట్టే మూరింగ్ తాళ్లు, సరుకు కదలకుండా బిగించే లాషింగ్, ఓడ క్రేన్లు, అగ్నిమాపక పని ఏళ్లతరబడి చేసినవాడికి బందరు రేవులో చోటుండాలి. అది విజయవాడకు 70 కిలోమీటర్ల దూరమే. నియామక ప్రకటనలో డిగ్రీ మాత్రమే అడిగితే అతడు దరఖాస్తు కూడా చేసుకోలేడు. సీడీసీలో నమోదైన సేవను అనుభవంగా లెక్కించాలనీ, రేవు నడిపే ప్రైవేటు సంస్థలకూ ఈ షరతు వర్తించాలనీ కోరుతున్నాను.

మరొక్క మాట. ఉద్యోగం ఇప్పించినందుకు నావికుడి దగ్గర రుసుము తీసుకోరాదని 2006 నాటి సముద్ర కార్మిక ఒప్పందం శాసిస్తోంది, దానిని మన దేశం 2015లో ఆమోదించింది. అయినా ఏజెంట్లకు లక్షలు ముట్టజెప్పుతున్న కుటుంబాలు ఇక్కడున్నాయి. నావికులను ఓడల్లో చేర్చేందుకు కేంద్రం ఇచ్చే ఆర్పీఎస్ఎల్ లైసెన్సు ఏ సంస్థకు ఉందో చూసి చెప్పే సహాయ కేంద్రాన్ని విజయవాడలో పెట్టించండి.

బందరు రేవు నియామక నిబంధనలు ఖరారు కాకముందే మాలాంటి కొందరిని పిలిపించి మా మాట వినవలసిందిగా ప్రార్థన.

ఇట్లు,
ఒక విశ్రాంత నావికుడు, విజయవాడ