తలాంతును పాతిపెట్టించే భయం

సంపాదకులకు,

ఉమ్మడి వరంగల్ జిల్లా క్రైస్తవ సంఘాల్లో యువతకు ఏదైనా బాధ్యత అప్పగించబోతే తరచూ వినిపించే జవాబు: ‘నాతోటి కాదన్నా, ఫెయిలైతే నలుగురు నవ్వుతరు.’ దాన్ని వినయం అనుకొని మెచ్చుకుంటున్నాం. చాలాసార్లు అది భయం. ఆ భయాన్ని సంఘాలే పెంచుతున్నాయి.

మత్తయి సువార్త 25వ అధ్యాయంలో ప్రభువు చెప్పిన కథలో ఒక యజమాని ముగ్గురు దాసులకు ఐదు, రెండు, ఒకటి చొప్పున తలాంతులు అప్పగించి ప్రయాణమై పోయాడు. మొదటి ఇద్దరూ వ్యాపారం చేసి రెట్టింపు చేశారు. ఒక్కటే అందుకున్న మూడో దాసుడు దాన్ని పాతిపెట్టాడు, ఒక్క పైసా పోగొట్టలేదు. ఒక తలాంతు అంటే దాదాపు 6,000 దేనారాలు. దేనారం ఒక రోజు కూలి. అంటే సుమారు 20 ఏళ్ల కూలి. అంత సొమ్మునూ భద్రంగా తవ్వి తెచ్చి అప్పజెప్పాడు. భయపడి దాచానని తనే చెప్పాడు. కనీసం సాహుకారుల దగ్గరైనా ఉంచితే వడ్డీ వచ్చేది గదా అని యజమాని నిలదీశాడు. అన్నిటికంటే తక్కువ నష్టభయం ఉన్న దారిలో కూడా అతను అడుగు వేయలేదు. మన ప్రసంగాలు ఐదు తలాంతులవాడి లాభం చుట్టూ తిరుగుతాయి గాని, ఈ మూడోవాడి భయం దగ్గర ఆగవు.

మరోవైపు ‘విశ్వాసముంటే దూకు’ అనేవారున్నారు. రెండు రూపాయల మిత్తికి రెండు లక్షలు తెచ్చి మందిరం స్లాబు పోస్తే నెలకు 4,000 రూపాయలు మిత్తికే పోతాయి. కానుకల్లో అంత మిగలని సంఘం ఏడాది తిరగకుండానే చీలుతుంది. మహిళా సంఘం అప్పును దీనికి మళ్లిస్తే ఆ కిస్తీల భారం పేద ఇల్లాళ్ల నెత్తిన పడుతుంది. గోపురం కట్టేవాడు ముందుగా కూర్చొని ఖర్చు లెక్క చూసుకోడా అని లూకా 14:28లో ప్రభువే అడిగాడు. ఇంతకంటే ఘోరం, ప్రార్థన చేశాం కాబట్టి మాత్రలు ఆపేయమనడం. టీబీ మందులు సాధారణంగా ఆరు నెలలు వాడాలి. మధ్యలో మానేస్తే జబ్బు మందులకు లొంగకుండా తిరగబెట్టవచ్చు. దీన్ని విశ్వాసమని ఎవరు బోధించినా పెద్దలు అక్కడికక్కడే అడ్డుకోవాలి.

పత్తి వేసే రైతుకు ఈ రెండు తప్పులూ, భయమూ గుడ్డి దూకుడూ, బాగా తెలుసు. 60–75 మిల్లీమీటర్ల వాన పడ్డాకే గింజ పెట్టమంటారు వ్యవసాయ శాస్త్రవేత్తలు. తొలి జల్లుకే పెడితే మొలక మాడిపోతుంది, మళ్లీ ప్యాకెట్లు కొనాలి. అలాగని మబ్బులు చూస్తూ కూర్చుంటే అదను దాటిపోతుంది. బైబిల్లో ప్రసంగి గ్రంథం 11:4 హెచ్చరించేది ఈ రెండో తప్పు గురించే.

ఇక పని దగ్గరికొద్దాం. పదో తరగతి పిల్లలకు మందిరంలో సాయంత్రం ట్యూషన్ చెప్పాలని ఇద్దరు డిగ్రీ పిల్లలకు ఉందనుకోండి. మామూలుగా ఏమవుతుంది? ఆదివారం ఆరాధనలో ఘనంగా ప్రకటిస్తారు. రోజూ క్లాసు, అన్ని సబ్జెక్టులు. మొదటి వారం మందిరం నిండుతుంది. దసరా దాటాక పత్తి ఏరడానికి పిల్లలు చేలకు పోతారు, చెప్పేవాళ్లకు సెమిస్టర్ పరీక్షలొస్తాయి. ఎవరూ ఏమీ చెప్పకుండానే తలుపుకు తాళం పడుతుంది. ఆ తర్వాత ఆ ఇద్దరూ దేనికీ ముందుకు రారు.

అదే పని ఇలా చేయొచ్చు. మంగళ, శుక్రవారాలే. లెక్కలు ఒక్కటే. 12 మంది పిల్లలు, 8 వారాలు. ముగింపు తేదీ మొదటి రోజే అందరికీ చెప్పాలి. సుద్దముక్కలకు, నోటుబుక్కులకు సంఘం 2,000 రూపాయలివ్వాలి. అవి అయిపోతే అప్పు చేయకూడదు. ఒక్కరికే అప్పగించొద్దు, ప్రభువు కూడా శిష్యుల్ని ఇద్దరిద్దరిగానే పంపాడు, ఒకరికి జ్వరమొస్తే ఇంకొకరు నడుపుతారు. హాజరు రాయాలి. నాలుగో వారానికి పిల్లలు సగమైతే వేళ మార్చి చూడాలి. ఎనిమిదో వారం పెద్దలు వాళ్లతో కూర్చొని ఏది సాగింది, ఏది ఆగింది, ఎందుకు అని అడిగి పుస్తకంలో రాయాలి. ఆపేయాలనుకుంటే ఆ ఇద్దర్నీ ఆదివారం ముందుకు పిలిచి, కృతజ్ఞతా ప్రార్థన చేసి, అందరి ఎదుట ఆపాలి. నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైన మెట్టు ఇదే, ఎక్కువ సంఘాలు వదిలేసేదీ ఇదే.

మొదటిసారి వాక్యం చెప్పేవారికి అరగంట ఇవ్వడమూ ఇలాంటి పొరపాటే. ముందు కీర్తన చదివించండి, తర్వాత గృహకూటంలో ప్రార్థన, ఆ తర్వాత ఐదు నిమిషాల సాక్ష్యం. కాగితం చూసి చదివినా తప్పులేదు.

లెక్క చూసుకొని అడుగు వేయడానికి ఉదాహరణ మన పక్కనే డోర్నకల్‌లో ఉంది. 1909లో అక్కడికి మిషనరీగా వచ్చిన వి.ఎస్. అజరయ్య తిరునెల్వేలి తమిళుడు. తెలుగు నేర్చుకున్నాడు. 1912లో భారతీయుల్లో మొట్టమొదటి ఆంగ్లికన్ (ఇంగ్లండ్ సంఘ శాఖ) బిషప్ అయ్యాడు, 1945లో చనిపోయేదాకా ఆ డయోసీస్‌కే (బిషప్ కింద ఉండే సంఘాల ప్రాంతానికే) సేవ చేశాడు. అది గుడ్డి దూకుడు కాదు. ఆయన రావడానికి ఆరేళ్ల ముందే, 1903లో, భారతీయుల డబ్బుతో భారతీయులే నడిపే మిషనరీ సొసైటీ తిరునెల్వేలిలో ఏర్పడింది. ఆయన కూడా దాని స్థాపకుల్లో ఒకరు.

పడిపోయినవారిని నిలబెట్టేవారు కూడా కావాలి. పౌలు, బర్నబాలతో సువార్త యాత్రకు వెళ్లిన మార్కు అనే యోహాను మధ్యలోనే పెర్గే నుంచి వెనక్కి తిరిగిపోయాడు. పౌలు అతన్ని మళ్లీ వెంట తీసుకుపోనన్నాడు. బర్నబా మాత్రం పౌలుతో విడిపోయి మరీ అతన్ని కుప్రకు (సైప్రస్ దీవికి) తీసుకుపోయాడు. చివరికి ఆ పౌలే, మార్కు నాకు పనికొస్తాడు, వెంటబెట్టుకొని రా అని తిమోతికి రాశాడు.

కాబట్టి సంఘ పెద్దలకు మనవి. ఈసారి వార్షిక సమావేశం ఎజెండాలో ‘ఆగిపోయిన పనులు’ అనే అంశం చేర్చండి. ఏ పని ఆగింది, ఎంత ఖర్చయింది, మళ్లీ ఎవరు ఎప్పుడు మొదలుపెడతారు అన్నది, ఎవరినీ నిందించకుండా చదవండి. బడ్జెట్‌లో నూటికి ఐదు రూపాయలు కొత్త ప్రయత్నాలకు విడిగా పెట్టండి, లాభం చూపమని అడగకండి, లెక్క మాత్రం అడగండి.

– ఒక సండే స్కూల్ ఉపాధ్యాయుడు, హనుమకొండ