అరలు ఎందుకు కలిపేశానంటే: మా రికార్డుల దుకాణం నుంచి ఒక వివరణ

సికింద్రాబాద్‌లోని మా చిన్న దుకాణానికి ఏళ్ల తరబడి వస్తున్నవారికీ, వేరే ఊళ్ల నుంచి ఫోన్ చేసి పార్సిల్‌లో రికార్డులు తెప్పించుకొనేవారికీ నమస్కారం. మూడు నెలలుగా లోపలికి వచ్చినవారిలో చాలామంది గుమ్మం దాటగానే ఆగిపోయి, రాక్ రికార్డుల అర ఎటు పోయిందని అడుగుతున్నారు. ఆ అర ఇప్పుడు లేదు. జాజ్ అర కూడా లేదు. కౌంటరు కింద అట్టపెట్టెలో ఉండే టెలివిజన్ సంగీతం రికార్డులు అక్కడి నుంచి పైకి వచ్చేశాయి. మూడింటినీ కలిపి, దేని తరువాత ఏది వింటే రెండూ మరింత బాగా అర్థమవుతాయో ఆ వరుసలో గోడ పొడవునా పేర్చాను. ఇందువల్ల కొందరికి ఇబ్బంది కలిగింది, ఒకరిద్దరికి కోపం వచ్చింది, అమ్మకాలు తగ్గిన మాట కూడా నిజం. అడిగిన ప్రతివారికీ నిలబడి చెప్పడం సాధ్యం కావడం లేదు కనుక, ఈ మార్పు ఏ పొరపాటు నుంచి మొదలైందో, దీన్ని ఎందుకు కొనసాగించదలచుకున్నానో వివరంగా రాస్తున్నాను.

ముందుగా పొరపాటు సంగతి. నిరుడు వానాకాలంలో మల్కాజిగిరి నుంచి వచ్చే ఒక వయొలిన్ ఉపాధ్యాయురాలు అమెరికన్ జాజ్ ట్రంపెట్ వాద్యకారుడు మైల్స్ డేవిస్ రికార్డు ‘కైండ్ ఆఫ్ బ్లూ’ కొన్నారు. అది 1970లలో అమెరికాలో అచ్చయిన ప్రతి. అట్ట అంచులు నలిగినా గాడుల్లో గీతలు లేవు కనుక ధర కొంచెం ఎక్కువే పెట్టాను. వారం తిరగకుండానే ఆమె దాన్ని పట్టుకొని వచ్చి, మొదటి వైపు శ్రుతి హెచ్చుగా ఉందని, దానితో కలిపి వాయించబోతే తన తీగలను కొద్దిగా బిగించవలసి వస్తోందని, రెండో వైపు మాత్రం సరిగ్గానే ఉందని చెప్పారు. మీ ప్లేయరు వేగంగా తిరుగుతోందేమో చూపించుకోండి అన్నాను. ప్లేయరు తప్పయితే రెండు వైపులా హెచ్చుగానే ఉండాలి కదండీ అని ఆమె అడిగారు. నా దగ్గర సమాధానం లేదు. అయినా పంతం విడవక, రికార్డులో ఏ లోపమూ లేదని వాదించి, డబ్బు తిరిగి ఇవ్వకుండా పంపించేశాను.

ఆమె చెప్పినది అక్షరాలా నిజం. ఆ సంగీతాన్ని 1959లో న్యూయార్క్‌లో, 30వ వీధిలోని కొలంబియా స్టూడియోలో రెండు విడతలుగా రికార్డు చేశారు. మార్చి 2న వాయించిన మూడు రచనలు మొదటి వైపుకు, ఏప్రిల్ 22న వాయించిన రెండు రచనలు రెండో వైపుకు వచ్చాయి. మార్చి 2న స్టూడియోలోని ప్రధాన టేపు యంత్రం ఉండవలసిన వేగం కన్నా కొద్దిగా నెమ్మదిగా తిరిగింది. అలా నెమ్మదిగా ఎక్కిన టేపును మామూలు వేగంతో వినిపిస్తే పాట పరుగందుకుంటుంది, శ్రుతి పైకి లేస్తుంది. ముందుజాగ్రత్తగా అదే సమయంలో నడిపిన రెండో యంత్రం సరైన వేగంతోనే తిరగడం వల్ల, 1992లో ఆ టేపును తీసి తప్పును సరిదిద్దగలిగారు. అంతవరకూ, అంటే ముప్పై ఏళ్లకు పైగా, లోకమంతా మొదటి వైపును హెచ్చు శ్రుతిలోనే విన్నది. రోజూ తంబురా పెట్టుకొని పిల్లలకు పాఠం చెప్పే చెవి ఆ తేడాను వారంలోపే పట్టుకుంది.

విషయం తెలిసిన మరునాడే ఆమె ఇంటికి వెళ్లి క్షమాపణ చెప్పి, సరిదిద్దిన ముద్రణను ఇచ్చి పాత ప్రతిని వెనక్కి తీసుకున్నాను. అదే రికార్డు పాత ముద్రణను ఇప్పటివరకు మరో ఏడుగురికి అమ్మినట్టు నా పుస్తకంలో ఉంది. వారిలో ఐదుగురికి ఫోన్ చేశాను. ముగ్గురు మార్చుకున్నారు, ఇద్దరు మాత్రం చిన్నప్పటి నుంచి విన్నది అదేనని, ఆ శ్రుతిలోనే ఉంచుకుంటామని అన్నారు. మిగిలిన ఇద్దరు నగదు ఇచ్చి కొన్నవారు కావడంతో వారి నంబర్లు నా దగ్గర లేవు.

ఇంత జరిగాక నన్ను ఎక్కువగా బాధించినది వేరొకటి. ఆ రికార్డును అమ్మే ముందు నేను వినలేదు. సంవత్సరాలుగా నేను రికార్డును ట్యూబులైటు కింద అటూ ఇటూ వంచి, గీతలు ఉన్నాయా లేవా అని కంటితో చూసి, అట్ట మీది పేరు ప్రసిద్ధిని బట్టి ధర వేస్తున్నాను. లాలాగూడలోని ఆంగ్లో ఇండియన్ కుటుంబాలు విదేశాలకు తరలిపోతూ అమ్మేసిన పెట్టెలు వచ్చినప్పుడైతే, ఒక్క మధ్యాహ్నంలో వంద రికార్డులకు ధర చీటీలు అంటించిన రోజులు ఉన్నాయి. సంగీతం అమ్మేవాడు సంగీతం వినకుండా అమ్మడం సరికాదని నిశ్చయించుకొని, అప్పటి నుంచి అమ్మకానికి పెట్టే ప్రతి రికార్డునూ రెండు వైపులా పూర్తిగా వింటున్నాను. ఉదయం షట్టరు సగం ఎత్తి, మెత్తని బ్రష్షుతో దుమ్ము తీసి, స్వేదనజలంలో తడిపి పిండిన గుడ్డతో గాడుల వెంబడి గుండ్రంగా తుడిచి, ఆరాక ముల్లు దించుతాను. బూజు పట్టిన రికార్డు మొదటి నిమిషంలో నూనెలో ఆవాలు చిటపటలాడినట్టు వినిపిస్తుంది. రెండోసారి తుడిచాక ఆ చప్పుడు అడుగుకు దిగి, దాని వెనుక నుంచి బేస్ తీగ మోగడం మొదలవుతుంది. ఆ క్షణం కోసమే ఈ వ్యాపారంలో ఉన్నానని ఇప్పుడు ఏ సంకోచమూ లేకుండా చెప్పగలను.

అరల సంగతికి వస్తాను. ఇలా చేతికి అందిన రికార్డును అందినట్టు వింటున్నప్పుడు, సరిదిద్దిన మైల్స్ డేవిస్ తరువాత అనుకోకుండా బ్రిటిష్ రాక్ బృందం పింక్ ఫ్లాయిడ్ 1973 రికార్డు ‘ది డార్క్ సైడ్ ఆఫ్ ది మూన్’ వచ్చింది. అందులో గాత్రం మొదలయ్యే తొలి పాటలో ఒక స్వరమేళం (కలిపి మోగించే స్వరాల గుత్తి) విని చెయ్యి ఆగిపోయింది, ఎందుకంటే దాని రంగు ముందురోజు విన్నదే. కీబోర్డు వాయించిన రిచర్డ్ రైట్ ఆ స్వరమేళాన్ని ‘కైండ్ ఆఫ్ బ్లూ’ నుంచి తీసుకున్నానని స్వయంగా చెప్పిన సంగతి తరువాత తెలిసింది. ఇన్నేళ్లూ ఈ రెండు రికార్డులు నా దుకాణంలో ఎదురెదురు గోడల మీద ఉన్నాయి. ఒకటి కొన్నవారికి రెండోది చూపించాలని నాకు ఒక్కసారి కూడా తోచలేదు.

ఆల్‌మన్ బ్రదర్స్ బ్యాండ్ అనే అమెరికన్ రాక్ బృందం 1971 మార్చిలో న్యూయార్క్ కచేరీ హాలు ఫిల్మోర్ ఈస్ట్‌లో చేసిన కచేరీ రికార్డు విషయమూ అంతే. రెండు ఎల్పీల ఆ సంపుటిలో చివరి వైపు మొత్తం ఒకే పాట, సుమారు 23 నిమిషాలు. రాక్ వినేవారు దాన్ని గిటారు ప్రతాపంగా మెచ్చుకుంటారు. నేను కూడా అలాగే చెప్పి అమ్మేవాడిని. ఆ బృందం గిటారిస్టు డ్యూయేన్ ఆల్‌మన్ ఆ సంవత్సరాలలో మైల్స్ డేవిస్‌ను, జాజ్ శాక్సొఫోన్ వాద్యకారుడు జాన్ కోల్ట్రేన్‌ను విడవకుండా వింటూ వచ్చాడని తెలిసి వింటే, ఆ గిటారు తొందరపడకుండా ఒక రాగచ్ఛాయను పట్టుకొని మెల్లగా పెంచుకుంటూ పోయే తీరు అర్థమవుతుంది. ఆలాపనకు అలవాటుపడిన మన చెవులకు అది ఇంకా సులభంగా అందుతుందని నా నమ్మకం. ఆ కచేరీ జరిగిన ఏడు నెలలకే, 24 ఏళ్ల వయసులో, మోటారుసైకిలు ప్రమాదంలో అతను చనిపోయాడు. నాకున్న రాక్ రికార్డులలో ఒక్కటే ఉంచుకోమంటే దీన్నే ఉంచుకుంటాను.

జాజ్ మాత్రమే వినే మిత్రులు కొందరు అమెరికన్ రాక్ బృందం స్టీలీ డాన్‌ను తమ పక్కన పెట్టినందుకు నొచ్చుకున్నారు. అది మెరుగుపెట్టిన పాప్ సంగీతమని వారి అభిప్రాయం. వారి 1977 నాటి ‘అజా’ రికార్డులో అదే పేరున్న పాటలో టెనర్ శాక్సొఫోన్ వాయించినవాడు వేన్ షార్టర్, అంటే 1960లలో మైల్స్ డేవిస్ బృందానికి ముఖ్య రచయితగా ఉన్న అదే మనిషి. స్టీవ్ గాడ్ డ్రమ్స్ దాని కింద ఉప్పొంగే చోటును ఒకసారి వినండి, ఆ తరువాత కూడా నా వరుస తప్పని అనిపిస్తే నాతో వాదించండి. బ్రిటిష్ రాక్ బృందం రోలింగ్ స్టోన్స్‌కు దాదాపు ఆరు దశాబ్దాలు డ్రమ్స్ వాయించిన చార్లీ వాట్స్ మనసు చివరిదాకా జాజ్‌లోనే ఉంది. జాజ్ శాక్సొఫోన్ వాద్యకారుడు చార్లీ పార్కర్ మీద బొమ్మల పుస్తకం వేసి, తరువాత సొంతంగా పెద్ద జాజ్ బృందాన్ని నడిపాడు. ఆ సంగీతకారులే ఎన్నడూ కట్టుకోని గోడను నేను నా దుకాణంలో ఇన్నాళ్లూ నిలబెట్టి ఉంచాను.

ఎక్కువ ఫిర్యాదులు వచ్చింది టెలివిజన్ సంగీతం గురించే. సీరియల్ పాటలను జాజ్ మహామహుల పక్కన పెడతారా అని ఒక పెద్దాయన నిష్ఠూరంగా అడిగారు. ఆయన మీద నాకు చాలా గౌరవం ఉన్నా, ఈ విషయంలో ఆయనతో ఏకీభవించలేను. 1958లో అమెరికాలో ఎన్‌బీసీ చానల్‌లో మొదలైన ‘పీటర్ గన్’ అనే డిటెక్టివ్ ధారావాహికకు హెన్రీ మాన్సినీ సమకూర్చిన సంగీతం అసలైన జాజ్. గ్రామీ పురస్కారాలు మొదలైన తొలి సంవత్సరం, 1959లో, ఉత్తమ ఆల్బమ్‌గా ఎంపికైనది ఆ రికార్డే. ‘మిషన్ ఇంపాజిబుల్’ ధారావాహికకు 1966లో బాణీ కట్టిన లాలో షిఫ్రిన్, జాజ్ ట్రంపెట్ వాద్యకారుడు డిజ్జీ గిలెస్పీ బృందంలో పియానో వాయించి వచ్చినవాడు. ఆ బాణీ ఐదు లెక్కలో నడుస్తుంది. ఖండచాపుకు తొడ మీద తాళం వేసిన చేతికి అది వెంటనే అందుతుంది. మొన్న ఒక మృదంగం విద్యార్థి కౌంటరు మీద వేళ్లతో దాన్ని తడబాటు లేకుండా అందుకున్నాడు. 1965 డిసెంబర్ 9న అమెరికా చానల్ సీబీఎస్ ప్రసారం చేసిన, చార్లీ బ్రౌన్ అనే కార్టూన్ పిల్లాడి క్రిస్మస్ కార్యక్రమంలో విన్స్ గరాల్డీ పియానో పిల్లల చెవుల్లోకి జాజ్‌ను ఎంత మెత్తగా చేర్చిందో, ప్రతి డిసెంబరులోనూ ఆ రికార్డు అడుగుతూ వచ్చే తల్లిదండ్రులకు తెలుసు.

వీటన్నిటికన్నా నాకు ప్రియమైనది 1957 డిసెంబర్ 8న సీబీఎస్ ప్రత్యక్షంగా ప్రసారం చేసిన ‘ది సౌండ్ ఆఫ్ జాజ్’. అందులో జాజ్ గాయని బిల్లీ హాలిడే ఎత్తైన పీట మీద కూర్చొని తాను రాసిన బ్లూస్ పాట పాడుతుంటుంది. చుట్టూ నిలబడిన వాద్యకారులు ఒకరి తరువాత ఒకరు తమ వంతు వాయిస్తారు. శాక్సొఫోన్ వాయించే లెస్టర్ యంగ్ వంతు వచ్చినప్పుడు అతను నిమిషం కూడా పట్టని చిన్న వరుసను, ఒక్క స్వరం కూడా వృథా చేయకుండా వాయిస్తాడు. కెమెరా వెంటనే ఆమె ముఖం మీదికి వెళుతుంది. ఆమె తల మెల్లగా ఊగుతుంది, కళ్లు అతని మీదే ఉంటాయి, పెదవుల మీద ఒక చిరునవ్వు వచ్చి నిలుస్తుంది. 1959 మార్చిలో అతను, జూలైలో ఆమె కన్నుమూశారు. టెలివిజన్ లేకపోతే ఆ ముఖం మనకు దక్కేది కాదు. ఇక్కడ ఒక సంగతి చెప్పి తీరాలి. అదే పేరుతో వచ్చిన ఎల్పీ ఆ ప్రసారానిది కాదు, నాలుగు రోజుల ముందు స్టూడియోలో విడిగా రికార్డు చేసినది. నేనే లోగడ ఇద్దరికి అది టెలివిజన్‌లో వచ్చినదేనని చెప్పి అమ్మాను. వారికి విషయం చెప్పాను, ఇప్పుడు ఆ అట్ట మీద చీటీ కూడా అంటించాను.

రాక్‌ను టెలివిజన్ చెడగొట్టిందనే మాట శనివారం సాయంత్రాలు దుకాణంలో తరచుగా వినిపిస్తుంది. కానీ 1964 ఫిబ్రవరి 9 రాత్రి అమెరికా టెలివిజన్‌లో ఎడ్ సల్లివన్ కార్యక్రమంలో బీటిల్స్‌ను సుమారు 7 కోట్ల 30 లక్షల మంది చూశారు. వారిలో ఎందరో పిల్లలు ఆ మరునాడే గిటారు కావాలని ఇంట్లో పట్టుబట్టారు, తరువాతి పదిహేనేళ్ల రాక్ సంగీతంలో చాలా భాగం అక్కడి నుంచే నడిచి వచ్చింది. నా మటుకు నేను, మా వీధిలోకి కేబుల్ వచ్చిన కొత్తలో, పక్కింటి గడప మీద కూర్చొని ఎరిక్ క్లాప్టన్ విద్యుత్తు లేని గిటారుతో చేసిన కచేరీ చూసినవాడిని. వేళ్లు తీగ మీద జారే చప్పుడు కూడా వినిపించిన ఆ రాత్రే ఈ దుకాణానికి పునాది పడింది.

వరుస చివర మన పాలకొల్లు బిడ్డ ఉప్పలపు శ్రీనివాస్ మాండొలిన్ సీడీలను చూసి ఆశ్చర్యపోయినవారికి కూడా సమాధానం ఇదే. మైల్స్ డేవిస్ 1969 నాటి రికార్డులలో గిటారు వాయించిన జాన్ మెక్‌లాక్లిన్, తరువాత ‘రిమెంబర్ శక్తి’ అనే బృందంలో శ్రీనివాస్ పక్కన కూర్చొని వాయించాడు. గోడకు ఆ చివర మొదలైన వరుస ఈ చివర శ్రీనివాస్ దగ్గరికి తనంతట తానే వచ్చి చేరింది.

ఇక వ్యవహారం. ప్రతి రికార్డునూ విని అమ్మడం వల్ల వారానికి ముప్పై కన్నా ఎక్కువ కొత్త సరుకు పెట్టలేకపోతున్నాను. పార్సిల్ ఆర్డర్లు పది రోజులు ఆలస్యమవుతున్నాయి, ముందుగా డబ్బు కట్టి ఎదురుచూస్తున్నవారు మన్నించాలి. ఆగలేమన్నవారికి ఆ రోజే డబ్బు వెనక్కి పంపిస్తాను. వాడిన రికార్డుల మీద వంద రూపాయలు పెంచక తప్పలేదు. ఏప్రిల్, మే నెలలలో పార్సిళ్లు పంపను. ఎండలో వ్యానులోనే వంగిపోయిన రికార్డులు పోయిన ఏడాది నాలుగు తిరిగి వచ్చాయి. వెతుక్కోవడం కష్టంగా ఉందన్నవారి కోసం కళాకారుల పేర్ల అకారాది పట్టిక ఒకటి, ఏ రికార్డు ఏ వరుసలో ఎన్నోదో అంకెతో సహా రాసి, కౌంటరు మీద ఉంచాను. ఆ పట్టికలో తప్పులు కనిపిస్తే పెన్సిలుతో దిద్దండి.

‘కైండ్ ఆఫ్ బ్లూ’ పాత ప్రతిని నా దగ్గర నగదుకు కొన్న ఆ ఇద్దరు ఇది చదివితే, రసీదు లేకపోయినా ఫరవాలేదు, రికార్డు తీసుకొని రండి. సరిదిద్దిన ప్రతులు రెండు మీ కోసం విడిగా తీసి పెట్టాను.